ఉడికిస్తే పోని విషాలు

సభకు విచ్చేసిన పెద్దలకు, అమ్మలకు, అయ్యలకు నమస్కారం.

తిండిలో విషాల మాట ఎత్తగానే మన వంటిళ్లలో వినపడేది ఒకటే: "ఉడికిస్తే అన్నీ పోతాయిలే." క్రిముల విషయంలో ఇది చాలావరకు నిజం. విషాల విషయంలో కాదు. కొన్ని వేడికి లొంగుతాయి. కొన్ని నీళ్లలో కొంత పోతాయి. కొన్ని దేనికీ పోవు, ఏరి పారేయాల్సిందే. ఈ మూడో రకం గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మనం తక్కువ పట్టించుకునేది దాన్నే.

ముందుగా వేరుశనగ. పల్లీలనండి, చెనక్కాయలనండి, బుడ్డలనండి, బెంగళూరులో ఉన్న మన ఇళ్లలో అవి లేని రోజుండదు. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో ఏడాదికి సరిపడా మూట వస్తుంది. కార్తీకంలో బసవనగుడి కడలెకాయి పరిషెకు, అంటే వేరుశనగ జాతరకు వెళ్తే మరో రెండు సేర్లు సంచిలో పడతాయి. ఈ గింజకు పట్టే బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది విడిచే విషం అఫ్లాటాక్సిన్. కాలేయ క్యాన్సర్ తెచ్చిపెడుతుందని నిర్ధారణగా తేలిన పదార్థం ఇది. వండటానికి వాడే గింజల్లో కిలోకు 15 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశంలో నిబంధన ఉంది. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షో వంతు. అంత కొంచెమైనా ప్రమాదమే.

1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్ల పాలయ్యారు, 106 మంది చనిపోయారు. కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు.

ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అఫ్లాటాక్సిన్ పూర్తిగా విరిగిపోవాలంటే దాదాపు 240 డిగ్రీలు దాటాలి. మూకుడులో వేయిస్తే కొంత తగ్గుతుంది, అంతే. అయితే మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. విషం మూటలోని గింజలన్నిటికీ సమానంగా పట్టదు, కొద్ది గింజల్లోనే గుట్టగా ఉంటుంది. అందుకే చేత్తో ఏరడం పెద్ద మందు. ముడుచుకున్నవి, తేలికైనవి, పురుగు తొలిచినవి, పగిలినవి, రంగు మారినవి మొదట తీసేయండి. తర్వాత వేయించి, పొట్టు నలిపి చెరిగి, బద్దలు విడదీసి చూడండి. రెండు బద్దల మధ్య సందులో పచ్చగానో నల్లగానో బూజు కనిపిస్తే ఆ గింజ చెత్తబుట్టకే. తినేటప్పుడు నోటికి చేదు తగిలితే మింగకుండా ఊసేయండి. పిల్లలకూ ఇది నేర్పండి. బూజు తుడిచేసి వాడుకోవడం పనికిరాదు, విషం అప్పటికే లోపలికి దిగి ఉంటుంది.

నిల్వ విషయానికొస్తే, గింజలో తేమ 7 శాతం లోపు ఉండాలి. కాయను చెవి దగ్గర ఊపితే గలగలమనాలి. బెంగళూరులో ఆషాఢం నుంచి కార్తీకం దాకా గోడలకే చెమ్మ పడుతుంది. ఆ రోజుల్లో మూట నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. చెక్కపీట మీద పెట్టండి. పరిషెలో కొన్న పచ్చికాయలు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉంచితే రెండు రోజులకే బూజు వస్తుంది. అదే రోజు ఉడకబెట్టుకోండి, లేదా పలచగా పరిచి ఆరబెట్టండి.

ఏరి తీసేసిన ఆ పాడుగింజలు ఎక్కడికి పోతున్నాయన్నది అసలు ప్రశ్న. కొన్ని గానుగకు వెళ్తాయి. రిఫైనరీలో క్షారంతో, మట్టితో శుద్ధి చేసేటప్పుడు నూనెలోని విషం పోతుంది, వడపోతతో సరిపెట్టిన గానుగ నూనెలో అది మిగిలిపోతుంది. అందుకని గానుగ నూనె మానేయమనను. గింజ మీరే ఏరి ఇచ్చి ఆడించుకోండి. నూనె తీశాక మిగిలే పిండిచెక్క దాణాగా వెళ్తుంది. అందులోని విషం పశువుకు, పశువు నుంచి పాలకు చేరుతుంది. 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే కల్తీవల్ల ప్రమాదకరమైనవి 12. పాలలోకి దిగే అఫ్లాటాక్సిన్ రూపం, ఎం1, పరిమితి దాటినవి 368. పాలు కాచినా ఇది పోదు. దాన్ని ఆపాల్సింది దాణా దగ్గరే.

ఇంకొక మాట. హెపటైటిస్ బి ఉన్నవాళ్ల కాలేయం మీద అఫ్లాటాక్సిన్ దెబ్బ దాదాపు 30 రెట్లు ఎక్కువ. కాబట్టి ఆ టీకా వేయించుకోని పెద్దలు వేయించుకోండి.

ఎండుమిర్చికీ ఇదే బూజు పడుతుంది. తొడిమ తీసి, విరిచి, లోపల తెల్లగానో బూడిదగానో ఉందేమో చూశాకే దంచండి. పొడి అయిపోయాక ఏరడానికి ఏమీ మిగలదు. పసుపుదీ అదే తంటా. కొమ్ములు నిగనిగలాడాలని సీసపు క్రోమేట్ అనే పసుపు రంగు పూసేవాళ్లున్నారు. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది, తాలింపులో పోదు. గ్లాసు నీళ్లలో కొమ్ము వేసి చూడండి. వెంటనే ముదురు పసుపు రంగు దిగితే అనుమానించాలి.

బండి మీద గోబీ ఎర్రదనం సంగతి మీకందరికీ తెలుసు. కర్ణాటకలో 171 గోబీ మంచూరియా నమూనాలు తీస్తే 107లో హానికరమైన రంగులు దొరికాయి. 2024 మార్చిలో వాటిలో కృత్రిమ రంగులు నిషేధించారు. ఇంట్లో చేసుకుంటే బ్యాడగి మిర్చి నానబెట్టి రుబ్బి వేయండి, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. ఇడ్లీ పళ్లేల మీద ప్లాస్టిక్ షీటు వాడకాన్ని కూడా 2025 ఫిబ్రవరిలో ఇక్కడ నిషేధించారు. తడిగుడ్డ ఉండగా ఆ షీటు అవసరమేముంది?

వేడికి లొంగే విషాల్లో రాజ్మా గింజలది ఒకటి. కాని అరకొర వేడి పనికిరాదు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లనివ్వాలి. సన్నటి సెగ మీద, స్లో కుక్కర్‌లో 80 డిగ్రీలు దాటకుండా వండితే వాంతులు పట్టుకుంటాయి.

పురుగుమందుల్లో పైపై అంటుకున్నవి నీళ్లకు కొంత పోతాయి. లీటరు నీటికి 10 గ్రాముల వంటసోడా, అంటే సుమారు రెండు చిన్న చెంచాలు కలిపి, ద్రాక్ష, యాపిల్ వంటివి పావుగంట నానబెట్టి, ధారకింద కడగండి. మొక్క లోపలికి పీల్చుకున్న మందుకు ఈ ఉపాయం పారదు.

చివరగా, అనుమానం వచ్చిన సరుకును మీరే పరీక్ష చేయించవచ్చు. 2006 ఆహార భద్రతా చట్టంలో 40వ సెక్షన్ ఆ హక్కు కొన్నవాళ్లకు ఇచ్చింది. కొనేటప్పుడే "దీన్ని పరీక్షకు పంపుతాను" అని దుకాణదారుకు చెప్పాలి. రుసుము కట్టి ఫుడ్ అనలిస్టుకు, అంటే ఆహారాన్ని పరీక్షించే అధికారికి నమూనా ఇవ్వాలి. సరుకు నిబంధనలకు విరుద్ధంగా ఉందని తేలితే రుసుము తిరిగి ఇచ్చేస్తారు. రశీదు మాత్రం పారేయకండి.