శిఖరం ఎక్కదలచినవారు బంగాళాఖాతాన్నీ గమనించాలి

సభకు నమస్కారం.

తిరుపతిలో పెరిగిన మనకు కొండ ఎక్కడం చిన్ననాటి నుంచీ అలవాటే. ఎండ ముదరకముందే అలిపిరి దాటాలని, కార్తీకంలో ముసురు పట్టిందంటే శ్రీవారి మెట్టు వైపు వెళ్లవద్దని పెద్దలు చెబుతూనే ఉంటారు. 2021 నవంబరు వానలకు ఆ మెట్ల దారి ఎంతగా దెబ్బతిన్నదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హిమాలయాలకు వెళ్లాలనుకునే యువతీయువకులు ఈ మధ్య మన ఊళ్లో పెరుగుతున్నారు. వారందరూ మొదట అడిగేది ఏ నెలలో వెళ్లాలనే. అది అడగవలసిన ప్రశ్నే కానీ, నెల తెలిసినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు.

ఎవరెస్టుకు మే నెల ఎందుకు అనుకూలమో చూద్దాం. 8848 మీటర్లకు మించిన ఆ శిఖరం చలికాలమంతా జెట్ స్ట్రీమ్ అనే వేగమైన పైగాలుల దారిలో ఉంటుంది. ఆ గాలులు గంటకు నూటఅరవై కిలోమీటర్లు దాటిన రోజుల్లో అక్కడ మనిషి నిలబడడమే అసాధ్యం. వేసవి ముదిరేకొద్దీ ఆ ప్రవాహం ఉత్తరానికి జరుగుతుంది, జూన్‌లో నైరుతి ఋతుపవనాలు మంచును మోసుకొస్తాయి. ఈ రెండింటి నడుమ గాలి నెమ్మదించే కొద్ది రోజులే అధిరోహకులకు దక్కే అవకాశం. 1953లో టెన్జింగ్, హిల్లరీ శిఖరం చేరినది మే 29న. మన తెలుగమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో, టిబెట్ వైపు నుంచి ఎక్కి, అక్కడ నిలిచినది 2014 మే 25న.

అయితే ఈ లెక్క అన్ని కొండలకూ వర్తించదు. ఋతుపవనాల ప్రభావం తక్కువగా ఉండే కారకోరంలోని కె2ను సాధారణంగా జూలై, ఆగస్టుల్లో ఎక్కుతారు. వానమబ్బులను పర్వతాలు అడ్డుకునే లడఖ్‌కు కూడా ఆ నెలలే మంచివి. అదే సమయంలో ఉత్తరాఖండ్‌లో కొండచరియలు విరిగిపడుతుంటాయి. ఆఫ్రికాలోని కిలిమంజారోకు ఏటా రెండు వానకాలాలు. మార్చి నుంచి మే వరకు, మళ్లీ నవంబరు ప్రాంతంలో దానికి దూరంగా ఉండడం మేలు.

మంచి కాలంలోనూ చెడ్డ రోజు వస్తుందన్న సంగతి మాత్రం ఆంధ్రులమైన మనం ఎన్నటికీ మరవరాదు. నేపాల్‌లో అక్టోబరు నెలను నడకకు శ్రేష్ఠమంటారు. వాన వెలిసి, ఆకాశం తేటపడి, శిఖరాలు స్పష్టంగా కనిపించే నెల అది. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను మన చెట్లను, ఇళ్లను కూల్చి, బలహీనపడుతూ ఉత్తరానికి సాగి, రెండు రోజుల తరువాత అన్నపూర్ణ ప్రాంతంలో భారీ మంచు తుపానుగా పరిణమించింది. 5416 మీటర్ల ఎత్తున ఉన్న థోరాంగ్ లా కనుమ పరిసరాల్లో చిక్కుకున్నవారితో సహా నలభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తుపాను వస్తున్నదన్న కబురు దారిలో ఉన్న చాలామందికి అందలేదు. విశాఖలో టీవీ ముందు కూర్చున్నవారికి తెలిసిన తుపాను సంగతి, కనుమ ఎక్కుతున్నవారికి తెలియకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కాబట్టి దసరా సెలవుల్లో నేపాల్ వెళ్లేవారు బయలుదేరే ముందే కాక, దారి పొడవునా బంగాళాఖాతంలోని వాయుగుండాల వార్తలు తెలుసుకుంటూ ఉండాలి.

వాతావరణ సూచన చదివేటప్పుడు ఎండ, వాన చూసి ఊరుకోకండి. శిఖరం ఎత్తులో గాలి వేగమెంతో చూడండి. వెయ్యి మీటర్లు పైకి వెళ్లేసరికి ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, దానికి గాలి తోడైతే వేళ్లు కొయ్యబారి మంచుకాటుకు గురవుతాయి. మధ్యాహ్నానికి మబ్బులు కమ్మడం కొండల్లో పరిపాటి గనుక, శిఖరానికి అర్ధరాత్రి వేళ బయలుదేరి, ఫలానా గంటకు ఎక్కడున్నా వెనుదిరగాలని ముందే నిర్ణయించుకుంటారు. ఆ గంట విషయంలో మొహమాటం పనికిరాదు.

చివరిగా, తిరుగు రైలు టికెట్టు తీసుకునేటప్పుడు నాలుగు రోజులైనా అదనంగా ఉంచుకోండి. సెలవు అయిపోతుందన్న తొందర ఉన్నవారు, గైడు వద్దన్న రోజున కూడా బయలుదేరుతారు.