తక్కువ బడ్జెట్‌లో గురి నిలిచే రిమ్‌ఫైర్ రైఫిల్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

అందరికీ నమస్కారం.

పాయింట్ టూటూ (.22 అంగుళాల తూటా) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి తూటాకీ బోల్ట్‌ను చేత్తో తెరిచి మూసే రకం, కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ కంపెనీది కొనాలి?" అని. దానికీ జవాబు చెప్తాను. కానీ అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. చేతిలో ఉన్న డబ్బులో రైఫిల్‌కి ఎంత, స్కోప్‌కి ఎంత, తూటాలకి ఎంత? మొత్తం రైఫిల్ మీదే పెట్టేసి, మిగిలిన చిల్లరతో ఏ డబ్బా దొరికితే అది కొనేవాళ్ల చేతిలో ఖరీదైన రైఫిల్ కూడా సాదాసీదాగానే పేలుతుంది. మధ్యరకం రైఫిల్ కొని, దాని బారెల్‌కి నప్పే తూటా ఏదో ఓపికగా వెతికినవాళ్ల టార్గెట్ మీద రంధ్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. నా లెక్కలో సగం డబ్బు రైఫిల్‌కి, పావు స్కోప్‌కీ, దాన్ని రైఫిల్‌కి బిగించే మౌంట్లకీ, మిగతా పావు అచ్చంగా తూటాల పరీక్షకి. ఆ చివరి పావు ముట్టుకోకండి.

ఎందుకలా అంటే, తూటా తీరే అటువంటిది. పాయింట్ టూటూ లాంగ్ రైఫిల్ 1887 నాటి తూటా. ఇత్తడి కేసు అడుగున ఉన్న మడత అంచు లోపల అంటుకునే మందు ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపినప్పుడు అది అంటుకుని అసలు మందును రగిలిస్తుంది. రిమ్‌ఫైర్ అనే పేరు అందుకే. ఒకసారి నలిగిన కేసు మళ్లీ పనికిరాదు. సెంటర్‌ఫైర్, అంటే అడుగు నడిమధ్యన అంటుకునే మందు ఉండే తూటాలు వాడేవాళ్లు, మందు తూచి, బుల్లెట్ మార్చి, తమ రైఫిల్‌కి తగ్గ తూటా తామే తయారుచేసుకుంటారు. మనకు ఆ వీలు లేదు. ఫ్యాక్టరీ ఇచ్చినదాంట్లోంచి ఎంచుకోవడమే మన చేతిలో ఉంది.

ఆ ఎంపిక ఎంత తేడా తెస్తుందో ఒక లెక్క చూడండి. మామూలు స్టాండర్డ్ వెలాసిటీ తూటాలో బుల్లెట్ 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. మూతి దగ్గర వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు. 100 మీటర్లు పోవడానికి దానికి సెకనులో మూడో వంతు పడుతుంది, ఈలోగా దాదాపు అర మీటరు కిందికి జారుతుంది. ఇప్పుడు ఒక తూటా ఇంకొకదాని కంటే సెకనుకు 10 మీటర్లు నెమ్మదిగా బయల్దేరిందనుకోండి. అది 100 మీటర్ల దగ్గర దాదాపు 30 మిల్లీమీటర్లు కిందపడుతుంది, 50 మీటర్ల దగ్గర 7, 8 మిల్లీమీటర్లు. చవక డబ్బాల్లో ఇంత తేడా మామూలే. ఎంత గొప్ప బారెలైనా దీన్ని సరిచేయలేదు.

హై వెలాసిటీ తూటాల జోలికి పోకండి అనడానికీ కారణం ఉంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. అంతకంటే వేగంగా బయల్దేరిన పాయింట్ టూటూ బుల్లెట్ దారిలోనే ధ్వని వేగం కిందికి దిగుతుంది, ఆ దాటే చోట దాని నడక చెదురుతుంది. పైగా ధ్వని వేగానికి దగ్గర్లో గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి, వేగం ఎక్కువున్న ఈ తూటానే పక్కగాలికి ఎక్కువ కొట్టుకుపోతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ టార్గెట్ మీద ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

సరే, మనకు కావలసిన కచ్చితత్వం ఎంత? 50 మీటర్ల దగ్గర ఒక నిమిషం కోణం, అంటే ఒక ఎంఓఏ, 14.5 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. తూటా రంధ్రం అంచు ఆ గీతను తాకినా పది లెక్కే. తూటా వ్యాసం 5.6 కాబట్టి, రంధ్రాల కేంద్రాలన్నీ నడిమధ్యన 16 మిల్లీమీటర్ల వలయంలో పడితే అన్నీ పదులే. నప్పిన తూటాతో మంచి మధ్యరకం రైఫిల్ ఈ పని చేయగలదు. దీని కంటే చాలా చిన్న గ్రూపులు (వరసగా కాల్చిన తూటాల రంధ్రాల గుంపులు) కావాలంటే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మొదటి రైఫిల్‌కి ఆ దారి పట్టొద్దు.

ఇక రైఫిల్ సంగతి. డబ్బు పెట్టదగినవి మూడే: చాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే గది), క్రౌన్, ట్రిగ్గర్. కర్ర నగిషీలు, బారెల్ పైన చెక్కిన గాడులు, పొడవు, ఇవేవీ గురిని పెంచవు. పాయింట్ టూటూలో మందు 40, 45 సెంటీమీటర్లలోనే తన పని ముగిస్తుంది. అంతకు మించిన పొడవు స్కోప్ లేకుండా ఐరన్ సైట్లు వాడేవాళ్లకే లాభం, ముందు సైటు కంటికి దూరంగా ఉంటుంది కనుక. లావు బారెల్ తనంతట తాను కచ్చితమైనదేమీ కాదు. బరువు వల్ల రైఫిల్ కదలకుండా నిలుస్తుంది, అందుకే గ్రూపులు చిన్నవవుతాయి. నిలబడి కాల్చేవాళ్లకి ఆ బరువు భుజానికి భారమే.

చాంబర్ గురించి కాస్త ఆగి చెప్పాలి. చాలామంది కొనేటప్పుడు అడగనిది అదే. మామూలు స్పోర్టింగ్ చాంబర్ వదులుగా ఉంటుంది. మురికి పట్టినా, తూటా కొలత కాస్త అటూఇటూ అయినా లోపలికి పోతుంది. మ్యాచ్ చాంబర్ బిగుతు. బోల్ట్ మూసేసరికి బుల్లెట్ నేరుగా బారెల్ లోపలి మెలి గాడుల్లోకి ఒదుగుతుంది, బయల్దేరేటప్పుడు వంకర పోదు. దానివల్ల మేలెంతో, జాగ్రత్త కూడా అంతే. పేల్చని తూటాను బయటికి లాగితే బుల్లెట్ గాడుల్లోనే ఉండిపోయి, కేసు ఒక్కటే ఊడి, మందు యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) ఒలికిపోవచ్చు. అప్పుడు వెనకనుంచి బారెల్ లోకి చూసి, బుల్లెట్ ఇరుక్కుంటే రాడ్‌తో తీశాకే ఇంకో తూటా పెట్టాలి. గుర్తుంచుకోండి, బారెల్‌లో బుల్లెట్ ఉండగా రెండోది పేలిస్తే బారెల్ ఉబ్బిపోతుంది.

క్రౌన్ అంటే బారెల్ మూతి అంచు. బుల్లెట్ రైఫిల్‌ను చివరిగా తాకేది అక్కడే. ఒక పక్క చిన్న నొక్కు ఉన్నా వాయువు ఆ పక్కనుంచి ముందు తప్పించుకుని బుల్లెట్ తోకను తోసేస్తుంది. దూది పుల్లతో లోపలి అంచు చుట్టూ తిప్పి చూడండి, పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టే. మూతి వైపు నుంచి ముక్కల ఇనుప రాడ్‌తో శుభ్రం చేసిన పాత రైఫిళ్లలో ఇది తరచుగా కనిపించే జబ్బు. మందు లేని జబ్బేమీ కాదు, ఒక గన్‌స్మిత్ క్రౌన్ తిరిగి కోస్తే తీరిపోతుంది. కాబట్టి బేరం ఆడుకోవడానికి అదొక మంచి కారణం.

ట్రిగ్గర్ 700 గ్రాముల నుంచి కిలో మధ్య బరువుతో, నొక్కే దారిలో ఎక్కడా గీరుకోకుండా విడవాలి. రైఫిల్ బరువు మూడు కిలోలుండి ట్రిగ్గర్ రెండున్నర కిలోలు అడిగితే, లాగే వేలే రైఫిల్‌ను పక్కకు తిప్పుతుంది. సర్దుకునే స్క్రూ ఉన్న ట్రిగ్గర్ చూసి కొనండి. తేలిక చేశాక మాత్రం ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి బట్‌ను (వెనక చివరను) నేల మీద గట్టిగా తట్టండి, బోల్ట్‌ను విసురుగా మూయండి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి వదిలేసి, ఆ తర్వాత సేఫ్టీ తీయండి. ఈ మూడింటిలో దేనికైనా పిన్ విడుదలైతే బరువు మళ్లీ పెంచాల్సిందే.

ఇప్పుడు పేర్లు. సీజెడ్ 457 ఈ తరగతిలో నేను మొదట చూడమనే రైఫిల్. బోల్ట్ 60 డిగ్రీలే తిరుగుతుంది కనుక స్కోప్‌కి తగలదు, ట్రిగ్గర్ బరువూ, నడకా, విడిచాక మిగిలే కదలికా మూడూ సర్దుకోవచ్చు, బారెల్ రెండు స్క్రూలతో ఊడి వస్తుంది. మ్యాచ్ చాంబర్ కావాలంటే అందులోనే ఎంటీఆర్ రకం ఉంది. టిక్కా టీ1ఎక్స్ బోల్ట్ నునుపు, మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి, టిక్కావే టీ3ఎక్స్ రైఫిల్ స్టాక్‌లు (బారెల్‌ను మోసే కర్ర లేదా ప్లాస్టిక్ భాగం) దానికి సరిపోతాయి కనుక తర్వాత స్టాక్ మార్చుకోవడం సులువు. బడ్జెట్ ఇంకా తక్కువైతే సావేజ్ మార్క్ టూ, రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ ఉన్నాయి. సావేజ్‌లో అక్యుట్రిగ్గర్ అనే సర్దుకునే ట్రిగ్గర్ మంచిది, తేలిక ప్లాస్టిక్ స్టాక్ మాత్రం ముందు భాగంలో వంగుతుంది. బైపాడ్ (ముందుండే రెండు కాళ్ల ఊత) మీద బరువు వేసినప్పుడు స్టాక్ బారెల్‌ను తాకితే గురి పక్కకు జరుగుతుంది. అది కొంటే ముందు చూసుకోవలసింది స్టాకే.

సెకండ్ హ్యాండ్‌లో అన్నిటికంటే మంచి బేరాలు పాత టార్గెట్ రైఫిళ్లే. ఆన్షూట్జ్ 64 యాక్షన్ మీద కట్టిన పాత మోడళ్లు, సీజెడ్ 452 దొరికితే వదలకండి. సీసపు బుల్లెట్లు బారెల్‌ను దాదాపుగా అరగదీయవు. పాడుచేసేది తుప్పూ, మొరటు చేతులూ. కొనేముందు బోల్ట్ తీసి వెనకనుంచి చాంబర్ అంచు చూడండి. ఖాళీగా పదేపదే ట్రిగ్గర్ లాగిన రైఫిల్లో పిన్ ఆ అంచునే కొట్టి చిన్న గుంట చేసి ఉండవచ్చు. దానివల్ల కేసు బయటికి రావడం కష్టమవుతుంది, కొన్ని తూటాలు పేలవు. బారెల్‌లోకి వెలుతురు పంపి చూసినప్పుడు ఎక్కడైనా నల్లటి వలయం అడ్డంగా కనిపిస్తే అది ఉబ్బిన చోటు. అలాంటిది వద్దు. వెనక యాక్షన్ స్క్రూ దగ్గర కర్ర పగిలిందేమో చూడండి.

స్కోప్ కొనేటప్పుడు ఒక్క మాట అడగండి: పారలాక్స్ ఎంత దూరానికి సెట్ చేశారు? సెంటర్‌ఫైర్ కోసం చేసినవి 100 గజాలకు, రిమ్‌ఫైర్‌వి సాధారణంగా 50 గజాలకు ఉంటాయి. సర్దుకునేది దొరికితే ఇంకా మేలు. ఆ దూరం మనం కాల్చే దూరానికి సరిపడకపోతే కన్ను కాస్త కదిలినప్పుడల్లా గురి కదులుతుంది (పారలాక్స్ అంటే ఇదే), తప్పు బారెల్‌దనుకుంటాం. మౌంట్లు పట్టుకోవలసింది రైఫిల్ మీదున్న 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడినా, పికటిన్నీ రైలునా అన్నది ముందే తేల్చుకోండి.

రైఫిల్ ఇంటికి వచ్చాక తూటాల పరీక్ష. అంతకుముందు యాక్షన్ స్క్రూలు టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించండి. తయారీదారు చెప్పిన విలువ ఉంటే అదే, లేకపోతే రెండు, రెండున్నర న్యూటన్ మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. బారెల్‌కీ స్టాక్‌కీ మధ్య ఒక కాగితం చివరిదాకా జారాలి. ఐదారు రకాల స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు, ఒక్కోటి 50 ఉన్న డబ్బా తీసుకోండి. సీసీఐ స్టాండర్డ్, ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్, ఎస్‌కే రైఫిల్ మ్యాచ్, ఎలీ క్లబ్, లాపువా సెంటర్ ఎక్స్ లాంటివి చవక నుంచి ఖరీదు దాకా ఒక వరస అవుతాయి. గాలి లేని పొద్దుటిపూట, 50 మీటర్లు, ముందూ వెనకా ఇసుక సంచులు.

ఇక్కడ చాలామంది పొరపడతారు. రకం మార్చగానే మొదటి గ్రూపు చూసి తీర్పు చెప్పేస్తారు. ప్రతి తయారీదారు బుల్లెట్ మీద పూసే మైనం వేరు. పాతదాని పూత పోయి కొత్తది బారెల్లో పరుచుకోవడానికి 10 నుంచి 20 తూటాలు పడతాయి. కాబట్టి మొదటి 20 లెక్కలోకి తీసుకోకండి, మిగిలిన 30తో పదేసి తూటాల గ్రూపులు మూడు కాల్చండి. మూడు తూటాల గ్రూపులను నమ్మకండి. ఐదు తూటాలకు సగటున 10 మిల్లీమీటర్లు ఇచ్చే రైఫిల్ మూడు తూటాలకు 8, పది తూటాలకు 12 చూపిస్తుంది. రైఫిల్ మారలేదు, లెక్క మాత్రమే మారింది. జేబులో పెట్టుకుని చూపించే ఆ ఒక్క మంచి గ్రూపు మనకేమీ చెప్పదు.

గ్రూపు ఆకారం కూడా చదవండి. నిలువుగా సాగితే తూటాల వేగంలో తేడా, లేదా ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ నీరసించడం. ఖాళీ కేసుల మీద పిన్ గుర్తులు ఒకే లోతులో ఉన్నాయేమో చూస్తే ఈ రెంటిలో ఏదన్నది తెలుస్తుంది. అడ్డంగా సాగితే గాలి, లేదా బారెల్ ఒక పక్క స్టాక్‌కు తగలడం. రెండు విడివిడి గుంపులుగా పడితే దాదాపుగా ఎప్పుడూ ఏదో స్క్రూ వదులైందన్నమాటే: యాక్షన్‌ది, మౌంట్‌ది, లేదా స్కోప్ లోపలిదే. బాగా పేలుతున్న రైఫిల్ కొన్ని వందల తూటాల తర్వాత మెల్లగా చెదిరితే చాంబర్ ముందు భాగంలో గట్టి మసి వలయం పేరుకుందేమో చూడండి. ద్రావకంలో తడిపిన గుడ్డను వెనకనుంచి పంపి, కాసేపు నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తో అక్కడివరకే రుద్దితే చాలు. రోజూ బారెలంతా తోమడం ఎవరికీ మేలు చేయదు.

భద్రత గురించి ఒక్క మాట. ఈ చిన్న తూటా కిలోమీటరు దాటి చాలా దూరం పోగలదు. లైసెన్స్ నిబంధనలు ఎక్కడికక్కడ వేరు, కొనేముందే అవి చూసుకోండి. వెనక మట్టి గట్టు లేనిచోట ఎప్పుడూ కాల్చకండి.

పరీక్షలో గెలిచిన తూటా డబ్బా మీద లాట్ నంబర్ ఉంటుంది. అదే రకం వేరే లాట్ మీ బారెల్‌లో వేరేగా ప్రవర్తించవచ్చు. ఆ లాట్‌లోంచే వీలైనన్ని, కనీసం 500, ఒకేసారి తీసుకోండి. అవి అయిపోవస్తుంటే రెండు డబ్బాలు పక్కన పెట్టి, కొత్త లాట్‌ను వాటితో పక్కపక్కన, ఒకే పొద్దున కాల్చి పోల్చండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.