మొదటి టారాంటులాగా గుత్తి సాలీడు వద్దు తమ్ముడూ!

అందరికీ నమస్తే. ఈ డబ్బాలో కొబ్బరి చిప్ప కింద సగం లోపల, సగం బయట కూర్చుందే, ఆవిడ మా మంగమ్మ. కర్లీ హెయిర్ టారాంటులా, అంటే ఒళ్లంతా నూగుండే పెద్ద సాలీళ్లలో ఒక జాతి. పుట్టిల్లు సెంట్రల్ అమెరికా అనుకోండి, కాపురం మాత్రం డాలస్‌లో, మా ఇంట్లోనే, నాలుగేళ్లుగా.

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నేనూ ఇక్కడే ఉంటా. మన గుత్తి సాలీడు అమ్ముతున్నారు, మొదటిది అదే తెచ్చుకుంటా" అని. నాది అనంతపురం జిల్లానే. గుత్తి జంక్షన్‌లో రైలు కోసం ఎన్ని రాత్రులు జాగారం చేశానో లెక్కలేదు. నీ ముచ్చట నాకు తెలుసు తమ్ముడూ. ఐనా వద్దు.

తెలియనివాళ్ల కోసం చిన్న కథ. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ సాలీడుకు పేరు పెట్టాడు. ఆ నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అందుకే ఆ ఊరి పేరు అంటుకుంది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా శాస్త్రవేత్తల కంట పడలేదు. 2001లో మళ్లీ దొరికింది, అదీ గుత్తిలో కాదు, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో. అంటే పాపం, అప్పట్లో కట్టెలతో పాటు టికెట్ లేకుండా రైలెక్కి వచ్చి ఉంటుంది. నెమలి కంఠం లాంటి నీలం రంగు. ప్రకృతి పరిరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టింది. ఊళ్లో ఉండి చూస్తున్నవాళ్లకు కూడా చెప్తున్నా, అడవి నుంచి పట్టుకొచ్చే ఆలోచన అసలే పెట్టుకోవద్దు.

సరే, పెంపకంలో పుట్టిందే కొంటావనుకుందాం. అది చెట్టు తొర్రల్లో బతికే జాతి. మూత తీసిన క్షణంలో నీ మోచేతి మీద ఉంటుంది. మంగమ్మ లాంటి అమెరికా జాతులకు కోపమొస్తే వెనక కాళ్లతో పొట్ట మీది నూగు రాల్చి మన మీదికి విసురుతాయి. గుత్తి దానికి ఆ నూగు లేదు. పారిపోవడానికి దారి లేకపోతే కొరకడమే. కొరికితే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెట్టొచ్చు. నూగు కూడా తక్కువదేం కాదు లెండి. ఒకసారి గ్లౌజులు లేకుండా డబ్బా శుభ్రం చేసి, రెండు రోజులు చెయ్యి గోక్కుంటూ మీటింగుల్లో కూర్చున్నా. కంట్లో పడితే మాత్రం నేరుగా డాక్టరు దగ్గరికే.

కాబట్టి మొదటిది కర్లీ హెయిరో, ఎర్ర మోకాళ్ల మెక్సికన్ రెడ్ నీయో తెచ్చుకోండి. ఆడదైతే ఇరవై ఏళ్లు బతకగలదు. నా గ్రీన్ కార్డు కంటే ముందు పోదని నా నమ్మకం. మగది పెద్దదయ్యాక చాలావాటికి ఏడాది, ఏడాదిన్నర, అంతే.

ఇల్లు సంగతి. నాకు మొదట్లో ఒక షాపులో ఎత్తైన గాజు ట్యాంకు, జాలీ మూత, పైన వేడి లైటు, అన్నీ కలిపి అంటగట్టారు. మూడూ తప్పే. నేల మీద బతికే సాలీడు ఎత్తు నుంచి పడితే పొట్ట పగులుతుంది, కాలి గోళ్లు జాలీలో ఇరుక్కుంటాయి, లైటు కింద ఒళ్లు ఎండిపోతుంది. గాలి రంధ్రాలున్న డబ్బా చాలు. కొబ్బరి పొట్టు మందంగా పరవండి. పొట్టు పైనుంచి మూతకి ఉన్న ఎత్తు, కాళ్లు చాపిన సాలీడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. సీసా మూతలో నీళ్లు. మనకు హాయిగా ఉన్న గది దానికీ హాయే.

ఇక అసలు భయం. రెండు వారాల కింద, రాత్రి పదకొండింటికి మా ఆవిడ కేక. "ఏమండీ, మంగమ్మ పోయింది!" వెళ్లి చూస్తే వెల్లకిలా పడుంది, ఎనిమిది కాళ్లూ పైకి. నాలుగేళ్ల కింద ఇదే చూసి పూలకుండీలో పాతిపెట్టబోయినవాణ్ణి నేను. చావు అలా ఉండదు. కాళ్లు కిందికి ముడుచుకుని, పిడికిలి బిగించినట్టు అయిపోతే అప్పుడు కంగారు పడాలి. వెల్లకిలా పడుకుందంటే కుబుసం విడుస్తోంది. ముట్టుకోవద్దు, తిప్పొద్దు, నీళ్లు చల్లొద్దు. లోపల మేతకి వేసిన క్రికెట్, అదే కీచురాయి పురుగు, ఉంటే మాత్రం ముందే తీసెయ్యాలి, మెత్తబడి ఉన్న సాలీడును అదే కొరికి తినేస్తుంది. మంగమ్మ ఆ రాత్రి కొంచెం కొంచెంగా పాత చర్మంలోంచి కాళ్లు లాక్కుంటుంటే, మేమిద్దరం నేల మీద కూర్చుని రెండు గంటలకు పైగా చూశాం. చేతి తొడుగులోంచి వేళ్లు తీసుకున్నట్టే ఉంది. కొత్త కోరలు తెల్లగా, పాలపళ్లలా ఉన్నాయి.

ఆ తెలుపు ఎర్రబడి, ఆ ఎరుపు నల్లబడేదాకా తిండి పెట్టొద్దు. దగ్గరికి చూపిస్తా, చూడండి... పూర్తిగా నలుపు. ఇవాళ మేత వేస్తున్నా. దాని పొట్ట కంటే చిన్న క్రికెట్, ఈ పొడుగు పట్టకారుతో. వేసేశా. ఆ, కదిలింది... అయ్యో, వెనక్కి తిరిగి చిప్పలోకి పోయింది. ఏం ఫర్వాలేదు. ఒక్కోసారి నెలల తరబడి తినదు. నీళ్లుండి, పొట్ట గుండ్రంగా ఉంటే కంగారు అక్కర్లేదు. ఈ క్రికెట్‌ని రేపు పొద్దున తీసేస్తా.