ఒంటి సబ్బుతో గడ్డం గీసుకోవచ్చా: హాస్టల్ పిల్లలకి చెప్పిన మాటలు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డోళ్ళు కూడా ముందుకొచ్చి కూర్చోండి, ఇది క్లాసు కాదు, అటెండెన్స్ తీసుకోను. హాస్టల్ పిల్లలకి రోజూ పనికొచ్చే కెమిస్ట్రీ ఏదైనా చెప్పండి సార్ అని మీ వార్డెన్ గారు అడిగితే నేను ఈ సబ్జెక్టే ఎంచుకున్నా. మీలో చాలామంది పొద్దున్నే స్నానం సబ్బునే గడ్డానికి రుద్దుకుని గబగబా గీసేసుకుంటారని నాకు తెలుసు. ఇంటి నుంచి వచ్చిన డబ్బుల్లో మెస్సు బిల్లు, జిరాక్సులు, రీచార్జి పోగా షేవింగ్ క్రీముకి మిగలకపోవడం చిన్న విషయం ఏమీ కాదు. అందుకే ముందే చెప్పేస్తున్నా, ఒంటి సబ్బుతో గడ్డం గీసుకోవచ్చు. కాకపోతే అదే సబ్బు ఒకడికి బాగానే కుదిరి పక్క బెడ్డు వాడికి మెడంతా ఎర్రగా పొక్కులు ఎందుకు లేస్తాయో తెలుసుకుని గీసుకోండి.

అసలు సబ్బు కంటే ముందు నీళ్ళ గురించి మాట్లాడాలి. వెంట్రుక అంటే కెరాటిన్ అనే ప్రొటీను, అది నీళ్ళు పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక ఉబ్బి మెత్తబడుతుంది, అప్పుడు బ్లేడు చాలా తక్కువ బలంతో కోసేస్తుంది. దీనికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, గోరువెచ్చని నీళ్ళైతే ఇంకా మంచిది. నానని శనగలు నమిలితే ఎట్లుంటాయో నానని గడ్డం బ్లేడుకి అట్లుంటుంది. మీలో తిరుమల కల్యాణకట్టలో గుండు చేయించుకున్నోళ్ళు చాలామంది ఉంటారు కదా, అక్కడ నురగ ఏమైనా పెట్టారా? తల బాగా తడిపి, బ్లేడు పెట్టి తీసేస్తారు, అంతే. తల వెంట్రుక గడ్డం కంటే సన్నగా ఉంటుంది, పైగా గీసేవాళ్ళ చెయ్యి తిరిగిన చెయ్యి, ఆ మాట నిజమే, అయినా అక్కడ ఎక్కువ పని చేసేది నీళ్ళే. సబ్బు చేసే పనులు రెండు. వెంట్రుక మీదున్న జిడ్డు తీసి నీళ్ళు లోపలికి పోయేలా చేయడం ఒకటి, ఆ తడి ఆరిపోకుండా పట్టి ఉంచుతూ బ్లేడు కింద జారుడు ఇవ్వడం రెండోది. మొదటి పని ఏ ఒంటి సబ్బైనా చేస్తుంది, రెండో పని దగ్గరే తేడా వస్తుంది.

ఆ తేడా కంపెనీలోళ్ళు రేటు పెంచడానికి పుట్టించిందా అని మీరు అడగొచ్చు. కాదు. సబ్బు అంటే కొవ్వు ప్లస్ క్షారం, ఇది మీరు ఇంటర్‌లోనే చదివారు. ఒంటి సబ్బులో క్షారం సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా, దాంతో గట్టి సబ్బు వస్తుంది, బాత్రూంలో సోప్ కేసులో పడున్నా తొందరగా కరిగిపోదు. షేవింగ్ సబ్బులో పొటాషియం హైడ్రాక్సైడ్ వాటా ఎక్కువ ఉంటుంది, పొటాషియం సబ్బు మెత్తగా ఉంటుంది, నీళ్ళలో తేలిగ్గా కలుస్తుంది. ఇక కొవ్వు సంగతి. ఒంటి సబ్బులో పామాయిలుతో పాటు కొబ్బరినూనె గానీ పామ్ కెర్నెల్ నూనె గానీ వేస్తారు, వాటిలో లారిక్ ఆసిడ్ ఎక్కువ, 12 కార్బన్ల గొలుసు, అది చెయ్యి తగలగానే పెద్ద పెద్ద బుడగలతో బోలెడు నురగ ఇస్తుంది, అంతే తొందరగా చప్పబడిపోతుంది. స్నానానికి అదే కావాలి, ఒక చెంబు పోస్తే పోవాలి కదా. షేవింగ్‌కి కావాల్సింది సరిగ్గా దీనికి ఉల్టా, చిన్న చిన్న బుడగలతో చిక్కగా ఉండి ఒక చెంప గీసేలోపు రెండో చెంప మీద నురగ దిగిపోకూడదు. ఆ గుణం ఇచ్చేది స్టియరిక్ ఆసిడ్, 18 కార్బన్లు. మీ రూమ్‌లో ఎవరి దగ్గరైనా షేవింగ్ క్రీము ట్యూబ్ ఉంటే వెనక చదవండి, మొదటి రెండు మూడు పేర్లలోనే స్టియరిక్ ఆసిడ్ ఉంటుంది. డబ్బా నొక్కితే వచ్చే ఫోమ్‌లో కూడా అదే, క్షారం పేరు మారి ట్రైఇథనోలమైన్ అవుతుంది, నురగని బ్రష్ బదులు గ్యాస్ లేపుతుంది.

ఇంకోటి గ్లిజరిన్. సబ్బు తయారైనప్పుడు గ్లిజరిన్ దానంతట అదే పుడుతుంది, అది తేమని పట్టి ఉంచుతుంది, కానీ పెద్ద ఫ్యాక్టరీల్లో చాలావరకు దాన్ని తీసి వేరే అమ్ముకుంటారు, అందుకే మామూలు సబ్బుతో గీసుకున్నాక మొహం బిర్రుగా లాగినట్టుంటుంది. షేవింగ్ క్రీముల్లో దాన్ని మళ్ళీ కలుపుతారు.

చాలామంది టీఎఫ్ఎం, అంటే సబ్బులో మొత్తం కొవ్వు పదార్థం శాతం, ఎక్కువున్న సబ్బు అయితే గడ్డానికి మంచిదా అంటారు. మన ప్రమాణాల్లో గ్రేడ్ 1 టాయిలెట్ సబ్బుకి కనీసం 76 శాతం, గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60 ఉండాలి, బేతింగ్ బార్ అని రాసున్నవాటికి 40 ఉన్నా చాలు. ఆ నంబరు కొవ్వు ఎంతుందో చెప్తుంది గానీ ఏ కొవ్వో చెప్పదు. 76 ఉన్న సబ్బు నురగ కూడా నిమిషంలో కూర్చోవచ్చు. ఉన్నంతలో గ్రేడ్ 1 కొనుక్కోమనే నా సలహా, కానీ ఆ నంబరు చూసి షేవింగ్ సబ్బుతో సమానం అనుకోవద్దు.

ఇప్పుడు మన ఊరి అసలు సమస్యకి వద్దాం. మన అనంతపురం వైపు బోరు నీళ్ళు ఎంత ఉప్పు నీళ్ళో మీకు నేను చెప్పక్కర్లేదు, బకెట్టు చుట్టూ తెల్లటి గార, గీజర్ కాయిల్ మీద పెచ్చులు. అది కాల్షియం, మెగ్నీషియం, వీటి వల్ల నీళ్ళకొచ్చే గుణాన్నే కాఠిన్యం అంటారు. తాగే నీళ్ళలో ఈ కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరే అని మన ప్రమాణం. ఈ నీళ్ళలో సబ్బు వేస్తే అది కాల్షియంతో కలిసి విరిగిపోయి తెల్లటి ముద్దలా తేలుతుంది, నురగ అవ్వాల్సిన సబ్బు కాస్తా తెట్టు అయిపోయి అదే మొహానికి, బ్లేడుకి అంటుకుంటుంది. ఒంటి సబ్బు పనికిరాదు సార్ అని నాతో అన్న పిల్లల్ని చాలామందిని ఏ నీళ్ళు వాడుతున్నావురా అని అడిగితే బోరు నీళ్ళే అంటారు. తప్పు సబ్బుది ఒక్కదానిదే కాదు. షేవింగ్‌కి మీకు కావాల్సింది ఒక్క మగ్గు నీళ్ళు, ఆ ఒక్క మగ్గు ఆర్వో క్యాన్ నుంచి పట్టుకోండి, వర్షం పడిన రోజు వాన నీళ్ళు ఇంకా మేలు. బోరు నీళ్ళే గతి అయితే కాచి, చల్లార్చి, పైన తేరిన నీళ్ళు వంచుకోండి, బైకార్బొనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం వరకు పోతుంది, సల్ఫేట్లది క్లోరైడ్లది పోదు. డవ్ లాంటి బార్లు ఉప్పు నీళ్ళలో తెట్టు కట్టకుండా కాస్త బాగానే నురగ ఇస్తాయి, ఎందుకంటే వాటిలో ప్రధానంగా ఉండేది సబ్బు కాదు, సింథటిక్ పదార్థం, కానీ వాటి రేటుకి ఒక షేవింగ్ క్రీము ట్యూబే వచ్చేస్తుంది.

సరే, ఎలా చేయాలో చెప్తా. స్నానం ముందు కాదు, స్నానం చేసిన వెంటనే గీసుకోండి, గడ్డం అప్పటికే నాని ఉంటుంది. డబ్బులు పెట్టేదుంటే ముందు బ్రష్ మీద పెట్టండి, క్రీము మీద కాదు, ఒక మామూలు బ్రష్ ఏళ్ళ తరబడి వస్తుంది. దాన్ని నానబెట్టి, నీళ్ళు విదిలించి, సబ్బు మీద అర నిమిషం గట్టిగా తిప్పితే చిక్కటి ముద్ద వస్తుంది, దాన్ని మొహం మీద చుట్టూ తిప్పుతూ చుక్క చుక్క నీళ్ళు కలుపుకుంటూ పోవాలి. మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ రెండు చుక్కలు అందులో వేస్తే జారుడు వస్తుంది, ఎక్కువ వేయొద్దు. కొబ్బరినూనె మాత్రం కలపొద్దు, నూనె నురగని చంపేస్తుంది. మొహం మొత్తం ఒకేసారి రాసుకోకుండా ఒక చెంపకి రాసి గీసి, తర్వాత రెండోది, తర్వాత మెడ. ఒంటి సబ్బు నురగ ఆరిపోయే లోపు పని అవ్వాలంటే ఇదే దారి. వెంట్రుక ఎటు వాలితే అటే గీయండి, ఎదురు గీత వద్దు, మెడ దగ్గర అసలు వద్దు.

ఎవరు చేయకూడదో కూడా చెప్పాలి. రింగుల వెంట్రుకలుండి గీసిన చోటల్లా గడ్డలు కట్టేవాళ్ళు, మొటిమలు పచ్చిగా ఉన్నవాళ్ళు, చర్మం పొడిబారి పొలుసులు లేచేవాళ్ళు క్రీముకి మారిపోండి, లేదా కొన్నాళ్ళు ట్రిమ్మర్ వాడండి. సబ్బు పీహెచ్ 9, 10 దగ్గరుంటుంది, అంటే క్షారం వైపు, చర్మానిది 5కి అటూ ఇటూ, అంటే కాస్త ఆమ్లం వైపు, బాగున్న చర్మం కొన్ని గంటల్లో కోలుకుంటుంది, దెబ్బతిన్న చర్మం అంత తొందరగా కోలుకోలేదు. ఘాటైన సెంటు సబ్బులు తెగిన చోట భగ్గుమంటాయి. బట్టల సబ్బు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, అందులో సోడా, సిలికేటు ఉంటాయి. ఇక బ్లేడు, రేజరు, పటిక ముక్క ఎంత ప్రాణ స్నేహితుడైనా పంచుకోవద్దు, ఇది మాత్రం మిమ్మల్ని బతిమాలి చెప్తున్నా, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతికుంటుంది.

ఇక్కడ టేబుల్ మీద రెండు బాటిళ్ళున్నాయి చూడండి, ఒకదాంట్లో మీ హాస్టల్ బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో క్యాన్ నీళ్ళు, రెండింట్లో ఒకే సబ్బు తురుము సమానంగా వేశా. ముందు వరసలో ఇద్దరు రండి, మూత గట్టిగా బిగించి ఊపండి, ఆపాక నురగ ఎంతసేపు నిలబడుతుందో అందరూ చూడండి, తర్వాత ప్రశ్నలు అడుగుదురు గానీ.