సంచి కుట్టు చూసి మిర్చి కొంటారా?

(తెర మీద: గుంటూరు మిర్చి యార్డు. వరుసగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు.)

నమస్కారం. ఈ వీడియోకు కారణం ఒక ఫోను. మొన్న రాత్రి పదింటికి మా స్కాలర్ ఒకడు చేశాడు. ఆ గొంతులో సంతోషం చూసి ఇంట్లో పెళ్లి కుదిరిందేమో అనుకున్నాను. "సార్, తొమ్మిది శాతం వచ్చింది! ఎథిక్స్ అయిపోయినట్టే కదా?"

ఎథిక్స్ అయిపోవడం! కరెంటు బిల్లు కట్టేసినట్టు.

ఇది వాడొక్కడి మాట కాదు. పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో ఎథిక్స్, అంటే పరిశోధనలో నిజాయతీ, పాఠం చెప్పే నాకు ప్రతి ఏడాదీ, ప్రతి బ్యాచ్‌లోనూ వినబడే మాట. నకలు పట్టే సాఫ్ట్‌వేర్ చూపే పోలిక శాతం పదికి లోపు ఉంటే పరిశోధన నిజాయతీగా ఉన్నట్టేనని గైడ్లలో కూడా చాలామంది నమ్ముతారు. నా చిరాకంతా దాని మీదే.

ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని ఒకటే. మీ వాక్యాలు ఇంకెక్కడైనా ఉన్నాయా అని వెతుకుతుంది. మీరు పొలానికి వెళ్లారా, కొలత నిజంగా తీశారా, ఆ సంఖ్య యంత్రంలోంచి వచ్చిందా, మీ బుర్రలోంచి వచ్చిందా, ఇవేవీ దానికి తెలియవు. మొత్తం కల్పించి రాసిన థీసిస్‌కు సున్నా శాతం కూడా రావచ్చు. లేనిదానికి పోలిక ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు యార్డుకు రండి. కొనే వ్యాపారి ఏం చేస్తాడు? టిక్కీ మూతి విప్పి, పైనున్న కాయలు పక్కకు నెట్టి, మోచేతి దాకా లోపలికి చెయ్యి పెట్టి మచ్చు తీస్తాడు. కాయ విరిచి గింజ చూస్తాడు, తేమ చూస్తాడు, నలిపి వాసన చూస్తాడు. కుట్టు చక్కగా ఉందని టిక్కీ కొన్న వ్యాపారిని నేనింతవరకు చూడలేదు. మన దగ్గర థీసిస్ మాత్రం కుట్టు చూసే దాటిపోతోంది.

(తెర మీద: విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, నకలు మీద పెట్టిన నిబంధనలు, 2018)

అసలు నిబంధన ఏమంటుంది? పది శాతం దాకా శిక్ష లేదంటుంది, అంతే. పది నుంచి నలభై అయితే ఆరు నెలల్లోపు సరిచేసి తేవాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాది దాకా సవరించిన థీసిస్ ఇవ్వడానికి వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇక్కడి దాకా అందరికీ కంఠతా వచ్చు. అదే నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది: సారాంశం, పరికల్పన (హైపోథీసిస్), పరిశీలనలు, ఫలితాలు, ముగింపు, వీటిలో పోలికే ఉండకూడదు. అంటే తొమ్మిది శాతం ఎక్కడుందన్నది ప్రశ్న. పద్ధతుల అధ్యాయంలో ఉంటే ఒక సంగతి, ఫలితాల్లో రెండు శాతమున్నా ఇంకో సంగతి. ఇది చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

శాతం మీద ఇంత మోజు ఉంటే దాన్ని తగ్గించే వ్యాపారం పుట్టకుండా ఉంటుందా? పదాలు మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటి పుణ్యమా అని ఇంగ్లిష్ పత్రాల్లో 'కృత్రిమ మేధ' కాస్తా 'నకిలీ చైతన్యం' అయింది. రొమ్ము క్యాన్సర్ 'ఎద అపాయం' అయింది. నవ్వకండి, అచ్చయిన పత్రాల్లోవే ఇవి. 2021లో ఫ్రాన్స్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త గియోమ్ కబనాక్ బృందం ఇలాంటివి ఏరి, వాటికి 'చిత్రహింసకు గురైన పదబంధాలు' అని పేరు పెట్టింది. సంచి మార్చి కొత్త దారంతో కుట్టారు. లోపలి కాయ అదే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కేసు. ఇష్టమైనది అనకూడదేమో, కానీ పాఠం చెప్పడానికి ఇంతకు మించింది దొరకదు. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది కదా. వేరే ప్రాంతపు కాయ తెచ్చి గుంటూరు సన్నం అని రాస్తే మనకు ఒళ్లు మండుతుంది. పంజాబ్ విశ్వవిద్యాలయంలో విశ్వజిత్ గుప్తా అనే శిలాజ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసింది అదే. మొరాకోలో దొరికే రకం శిలాజాలు, న్యూయార్క్ రాష్ట్రంలో ఒక వాగు దగ్గర దొరికే సూక్ష్మ శిలాజాలు హిమాలయాల్లో దొరికాయని రాశారు. 1989లో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ టాలెంట్ 'నేచర్' పత్రికలో దాన్ని బయటపెట్టారు. అప్పటికి ఆ పత్రాలు నమ్మి హిమాలయాల చరిత్ర రాసినవాళ్లు ఎందరో! వాళ్లంతా తమ లెక్కలు మళ్లీ చూసుకోవలసి వచ్చింది.

ఆ మోసమంతా సంచి మీది చిరునామాలో ఉంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది?

సరే, అంత పెద్ద మోసాలు మన క్లాసులో ఎవరూ చేయరు. మన క్లాసులో జరిగేది తాలు దగ్గర, అంటే రంగు పోయిన నాసి కాయ దగ్గర.

(తెర మీద: ఎర్రకాయల పక్కన తెల్లబారిన తాలు)

నేను మొదటి రోజు సిలబస్ తెరవను. బోర్డు మీద ముప్పై కొలతలు వేస్తాను. ఇరవై ఏడు ఒక దారిలో, మూడు ఎదురుదారిలో. ఏం చేస్తారని అడుగుతాను. సగం మంది వెంటనే, "తీసేస్తాం సార్" అంటారు. ఎందుకు తీసేస్తారంటే మౌనం. చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి మెల్లగా అంది: "గైడ్ గారికి నచ్చదు సార్."

చూశారా, పాఠం అక్కడ ఉంది. ఆ అమ్మాయికి నిజాయతీ అంటే ఏమిటో తెలియక కాదు. సంతకం ఎవరి చేతిలో ఉందో బాగా తెలుసు. ఆ పిల్లకు నిర్వచనాలు వల్లె వేయించి లాభం ఏముంది? నన్నడిగితే ఈ తరగతిలో ముందు బెంచీలో గైడ్లు కూర్చోవాలి. యూజీసీ 2019లో ఈ కోర్సును పీహెచ్‌డీ వాళ్లకు తప్పనిసరి చేసింది: రెండు క్రెడిట్లు, ముప్పై గంటలు. గైడ్లకూ ఒక పూట పెట్టి ఉంటే బాగుండేది.

తాలు ఏరడం తప్పు కాదు. రైతులు ఏరుతూనే ఉంటారు. ఏరిన తాలును వేరే టిక్కీలో కట్టి, తాలు అని చెప్పే తక్కువ ధరకు అమ్ముతారు. మీరూ అంతే చేయండి. ఆ మూడు కొలతలు తీశామని, ఇదీ కారణమని, ఉంచితే ఫలితం ఇలా ఉంటుందని రాయండి. ఆ రోజు యంత్రం పాడై ఉంటే నోటుబుక్‌లో ఆ రోజే రాసి ఉండాలి, థీసిస్ రాసేటప్పుడు గుర్తుకు రావడం కాదు. చెప్పకుండా తీసేస్తే అది కొలతల్ని వక్రీకరించడం. లేని కొలత రాస్తే కల్పన. ఈ రెండూ నకలు కంటే పెద్ద తప్పులన్నది నా లెక్క. నకలు కొడితే అసలు రాసినవాడికి అన్యాయం, కానీ ఆ ఫలితమన్నా నిజం కావచ్చు.

అయ్యో, టైము అయిపోతోంది. మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

పత్రం మీద పేర్లు: టిక్కీ మీద పేరంటూ ఉంటే పండించిన రైతుదే ఉండాలి, యార్డు గేటు దగ్గర టీ తాగినవాళ్లది కాదు. శాఖాధిపతి అన్నంత మాత్రాన పేరు పెట్టనక్కర్లేదు. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికలు: మంచి పత్రికలేవో చెప్పే యూజీసీ కేర్ జాబితాను 2025లో ఆపేశారు కాబట్టి మంచిదేదో మీరే చూసుకోవాలి. ముందు పాత సంచికలు చదవండి. ఇక మనుషుల మీద సర్వే: కోత కూలీల దగ్గరకు వెళ్తే ముందు అనుమతి అడగండి, వద్దంటే వదిలేయండి. దీనికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఉన్నాయి, అవి ఒక పూర్తి వీడియోకు సరిపోతాయి.

ఆ రాత్రి ఫోను సంగతి చెప్పలేదు కదూ. "తొమ్మిది శాతం సరే నాయనా, నీ ఫీల్డ్ నోటుబుక్ ఏదీ?" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. "తెనాలిలో మా ఇంట్లో ఉంది సార్" అన్నాడు. ఆదివారం పట్టుకొచ్చాడు. అట్ట చిరిగి, పసుపు మరకలతో ఉంది. మూడు చోట్ల తేదీలు లేవు. వాడు గుర్తు చేసుకుంటూ ఉన్నాడు, నేను పెన్ను వాడి చేతికి ఇవ్వకుండా పట్టుకుని కూర్చున్నాను.