రెంటచింతల వాళ్లకి వేడి గది చూపిస్తామా?

యాంకర్: నమస్కారం. వాతావరణ మార్పు గురించి మ్యూజియంలో ఏం పెడితే జనానికి ఎక్కుతుంది? ఇవాళ స్టూడియోలో ఒక మ్యూజియం డిజైనర్, ఒక వాతావరణ పరిశోధకురాలు, ఒక సైన్స్ మాస్టారు ఉన్నారు. మాస్టారూ, పిల్లల్ని తీసుకెళ్తుంటారు కదా, వాళ్లు ఏం చూస్తారు?

మాస్టారు: నిజం చెప్పమంటారా? బటన్లు. బటన్ కనిపిస్తే నొక్కడం, లైటు వెలిగితే పక్కదానికి పరుగు. గోడ మీద రాసింది నేను తప్ప ఎవరూ చదవరు, నేనూ సగమే. బయటికొచ్చాక ఏం తెలిసిందిరా అంటే, "ఓజోన్‌కి చిల్లు పడింది సార్, అందుకే ఈ ఎండలు" అంటాడు.

పరిశోధకురాలు: పెద్దవాళ్లూ అదే అంటారండి. ఓజోన్ సంగతి వేరు, కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచడం వేరు.

యాంకర్: మరి ఆ గ్యాస్ కంటికి కనపడదాయె.

డిజైనర్: దాని పని కనపడుతుంది. గొట్టానికి అవతల కొవ్వొత్తి, ఇవతల దానికి తగిన ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, అంటే కంటికి కనపడని వేడి కిరణాల్ని చూసేది. గొట్టంలోకి గ్యాస్ వదిలేకొద్దీ స్క్రీన్ మీద మంట మసకబారుతుంది, మామూలుగా చూస్తే మాత్రం కొవ్వొత్తి హాయిగా వెలుగుతూనే ఉంటుంది. అక్కడ బోర్డు కూడా అక్కర్లేదు. పక్కనే, పుట్టిన సంవత్సరం నొక్కితే ఆ ఏడు గాలిలో ఎంత ఉందో చూపించే తెర పెట్టొచ్చు. హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల్లో 315 వంతులు, ఇప్పుడు 420 దాటింది. పిల్లాడు తనది నొక్కి, నాన్నది నొక్కి, తాతది అడుగుతాడు.

యాంకర్: విదేశాల్లో పెద్దపెద్దవే కట్టారటగా?

డిజైనర్: జర్మనీలో బ్రెమర్‌హావెన్‌లో క్లీమాహౌస్ ఉంది, 2009లో తెరిచారు. 8 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట భూమిని చుట్టి వచ్చినట్టు గదులు కట్టారు, నైజర్ ఎండ దగ్గర చెమట పడుతుంది, అంటార్కిటికా దగ్గర వణుకు పుడుతుంది. అక్కడివాళ్లకి అది బ్రహ్మాండం. దాన్నే తెచ్చి ఇక్కడ దించితే ఎలా? రెంటచింతల వాళ్లకి టికెట్ పెట్టి వేడి గది చూపిస్తామా?

మాస్టారు: (నవ్వుతూ) తిట్టి పోతారు.

పరిశోధకురాలు: మనవాళ్లకి ఎండ తెలుసు, ఉక్క చేసే పనే సరిగ్గా తెలీదు. గాలిలో తేమ బాగా ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అప్పుడు థర్మామీటర్‌లో అంకె తక్కువే ఉన్నా ప్రాణం మీదికి రావచ్చు. వేడెక్కిన గాలి ఆవిరిని ఎక్కువ మోస్తుంది, అందుకే ఇది ముందుముందు ఇంకా పెద్ద సమస్య.

డిజైనర్: దానికి నా దగ్గర రెండు కుండలున్నాయి, మట్టివే. ఒకటి పొడిగాలి పెట్టెలో, ఒకటి తేమ నింపిన పెట్టెలో, రెండింట్లోనూ ఒకే వేడి. చెయ్యి పెట్టి చూస్తే మొదటిది చల్లగా తగులుతుంది, రెండోది తగలదు. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మన ఇళ్లలో అందరికీ తెలుసు, మనిషి ఒళ్లూ ఆ కుండలాంటిదేనని ఒక్క వాక్యం రాస్తే చాలు.

యాంకర్: బాగుంది. ఉప్పాడ పెట్టరా మరి? సముద్రం ఇళ్లు మింగేస్తోందని ఎన్నిసార్లు చూపించామో.

పరిశోధకురాలు: పెట్టండి. కానీ "వాతావరణ మార్పు వల్ల" అని ఒక బోర్డు తగిలించి వదిలేస్తే నేను ఒప్పుకోను. అక్కడ ఇసుక కథ ఉంది. గోదావరి మీద ఆనకట్టల వల్ల తీరానికి చేరే ఒండ్రు తగ్గింది, హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరిగి అలల తీరు మారింది, పోర్టు కట్టడాలున్నాయి. పెరిగే సముద్రమట్టం వీటికి తోడు.

యాంకర్: అంత చెబితే జనం గందరగోళపడరా?

డిజైనర్: చెప్పం, చేయనిస్తాం. ఇసుక తొట్టి, అలలు పుట్టించే రేకు, ఇసుక వచ్చే దారికి ఒక తలుపు. తలుపు మూస్తే ఒడ్డు కోసుకుపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత నీటిమట్టం కాస్త పెంచమంటాం. ఏది ఎంత చేసిందో వాళ్లే తొట్టి చుట్టూ చేరి వాదించుకుంటారు.

మాస్టారు: ఆ వాదన కోసమైతే మా క్లాసుని రెండుసార్లు తీసుకొస్తా. ఒకటే అనుమానం. ఆ కుండలు మావాళ్లు మొదటి రోజే పగలగొడతారండి.

డిజైనర్: తెలుసు మాస్టారూ. రెండు డజన్లు ముందే కొని స్టోర్ రూమ్‌లో పెడతాం.