యాభై మందిని లెక్కపెట్టడానికి నాలుగు నెలలు

పెద్దలందరికీ నమస్కారం. లా చదువుతున్న పిల్లలు ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది.

పార్లమెంటు సమావేశాలు టీవీలో వస్తున్నప్పుడు ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. మంత్రిగారు మాట్లాడుతుంటారు. వెనక వరసలో ఒకాయన లేచి, చెయ్యెత్తి, "పాయింట్ ఆఫ్ ఆర్డర్" అంటారు. స్పీకర్ వెంటనే "ఏ రూల్ కింద?" అని అడుగుతారు. ఆయన చేతిలో రూల్స్ పుస్తకం ఉంటుంది. పేజీ పోకుండా మధ్యలో వేలు పెట్టుకుని ఉంటారు. ఆ వేలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ముందురోజు రాత్రే కూర్చుని చదువుకుని వచ్చారని అదే చెబుతుంది.

లోక్‌సభలో దీనికి రూల్ 376, రాజ్యసభలో 258. సభలో ఆ క్షణాన నడుస్తున్న పని నిబంధనలకో, రాజ్యాంగానికో విరుద్ధంగా సాగుతోందని ఏ సభ్యుడైనా ఎత్తిచూపవచ్చు. మాట్లాడుతున్నది ప్రధానమంత్రి అయినా ఆగాలి. స్పీకర్ నిర్ణయం చెప్పాలి, అదే ఆఖరు. సమాచారం అడగడానికో, తన వైఖరి వివరించుకోవడానికో దీన్ని వాడకూడదు. డివిజన్ (ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా నమోదు చేసే ఓటింగ్) గంట మోగలేదనీ, వినబడలేదనీ చెప్పడానికి కూడా పనికిరాదని రూల్లోనే రాసి ఉంది. లేవనెత్తడానికి పార్టీ బలం అక్కర్లేదు, ఒక్కరు చాలు. అందుకే మెజారిటీ లేనివాడి చేతిలో మిగిలిన ఆయుధం ఇదేనని నా క్లాసుల్లో ఎప్పుడూ చెబుతూ వచ్చాను.

ఆ ఆయుధం విలువ మాత్రం పైన కుర్చీలో ఉన్నవారిని బట్టి ఉంటుంది. అప్పటి లోక్‌సభ స్పీకర్, మన కోనసీమ మనిషి జి.ఎం.సి. బాలయోగి గారినే తీసుకుందాం. 1999 ఏప్రిల్ 17, శనివారం. వాజ్‌పేయి ప్రభుత్వం మీద విశ్వాస పరీక్ష. గిరిధర్ గమాంగ్ రెండు నెలల ముందే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, కానీ లోక్‌సభ సభ్యత్వం వదులుకోలేదు. ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉంటూ ఇక్కడికొచ్చి ఓటెలా వేస్తారని సభలో అభ్యంతరం వచ్చింది. బాలయోగి ఆయన్ని ఆపలేదు. నిర్ణయాన్ని ఆయన విజ్ఞతకే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

ఒక్క సంగతి గమనించండి. బాలయోగి గారు తెలుగుదేశం మనిషి. ఆ రోజు ఆ పార్టీ వాజ్‌పేయికే మద్దతు. ఆ ఓటు చెల్లదని ఒక్క మాట అంటే ఓట్లు సమానమయ్యేవి, అప్పుడు తన నిర్ణాయక ఓటుతో తన పార్టీ నిలబెట్టాలనుకున్న ప్రభుత్వాన్ని కాపాడగలిగేవారు. నైతికంగా ఆ ఓటు వేయకుండా ఉండాల్సిందని నేటికీ వాదించేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో ఆ బరువు ఓటేసినవారిదే. స్పీకర్ చూడాల్సింది ఆ మనిషి ఇంకా సభ్యుడా, కాదా అన్నదే. సభ్యుడే. కాబట్టి ఓటు లెక్కలోకి వచ్చింది.

ఇక 2018కి వద్దాం. అప్పుడు నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతున్నాను. ప్రత్యేక హోదా గొడవ ముదిరింది. మార్చి 16న వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం, రెండు పార్టీల అవిశ్వాస తీర్మానం నోటీసులూ సభ ముందుకు వచ్చాయి. రూల్ 198 ప్రకారం, తీర్మానానికి అనుకూలంగా ఉన్నవారు లేచి నిలబడాలని స్పీకర్ అడుగుతారు. యాభై మంది లేస్తే అనుమతి వచ్చినట్టే. ఆ తర్వాత పది రోజుల్లోపు చర్చ మొదలవ్వాలి. అప్పటికి కావలసింది యాభై తలలు లెక్కపెట్టడం, అంతే.

వెల్‌లో, అంటే స్పీకర్ కుర్చీ ముందున్న ఖాళీ స్థలంలో, కావేరి బోర్డు కోసం అన్నాడీఎంకే ఎంపీలు, రిజర్వేషన్ల కోసం టీఆర్ఎస్ ఎంపీలు ప్లకార్డులు పట్టుకుని నినాదాలు చేస్తున్నారు. సభ ఆర్డర్‌లో లేదు, లెక్కపెట్టలేను అని స్పీకర్ సుమిత్రా మహాజన్ వాయిదా వేశారు. తర్వాతి సమావేశంలోనూ అంతే. ఆ తర్వాతా అంతే. ఏప్రిల్ 6న సమావేశాలు ముగిసేదాకా రోజూ అదే వరస. మా క్లాసులో ఒక అమ్మాయి లేచి, "సార్, మేమెంత గోల చేసినా మీరు అరవై మందికి అటెండెన్స్ వేస్తారు కదా" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

చెప్పలేకపోవడానికి కారణముంది. సరిగ్గా రెండు రోజుల ముందు, మార్చి 14న, అదే సభలో, అదే గోల మధ్య, ఏడాది మొత్తానికి సంబంధించిన ఫైనాన్స్ బిల్లు చర్చ లేకుండా మూజువాణి ఓటుతో, అంటే అవును, కాదు అన్న కేకల్ని బట్టే, పాసయింది. లక్షల కోట్ల లెక్కకు అడ్డురాని గోల యాభై మంది లెక్కకు అడ్డొచ్చింది. నాకు ఈ రోజుకీ మింగుడుపడని విషయం ఇదే.

చివరకు జులై 18న, తెలుగుదేశం ఎంపీ కేశినేని శ్రీనివాస్ నోటీసు మీద, యాభై మందికి మించి లేచి నిలబడ్డారు. జులై 20న అదే పార్టీ ఎంపీ గల్లా జయదేవ్ చర్చ మొదలుపెట్టారు. రాత్రి దాకా సాగింది. తీర్మానం 126–325 తేడాతో ఓడిపోయింది. ఓడిపోతుందని అందరికీ ముందే తెలుసు. కానీ మార్చిలో ఏ ఎంపీలైతే నోటీసిచ్చి ఎదురుచూశారో, వాళ్ళలో ఐదుగురు వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు ఏప్రిల్ 6నే రాజీనామా చేశారు. చర్చ జరిగిన రోజున వాళ్ళు సభలో లేరు.

ఈ హాల్లో కొందరికి నొప్పి కలిగించే తేదీ ఇప్పుడు చెప్పాలి. 2014 ఫిబ్రవరి 18. రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో పాసయింది. ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. డివిజన్ కావాలని కొందరు సభ్యులు అడిగారు. రూల్ 367 ఏమంటుందంటే, మూజువాణి ఓటు మీద స్పీకర్ అభిప్రాయాన్ని సభ్యులు సవాలు చేస్తే లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాలు ఆగి, ప్రశ్న మళ్ళీ సభ ముందు పెట్టాలి. అనవసరంగా అడుగుతున్నారనిపిస్తే నిలబెట్టి తలలు లెక్కించవచ్చు, కానీ అప్పుడు పేర్లు నమోదు కావు.

బిల్లు చట్టబద్ధమే. సాధారణ మెజారిటీ చాలు, ఆ మెజారిటీ ఉందనడంలో నాకు అనుమానం లేదు. నా బాధ వేరు. దశాబ్దాల పాటు తెలంగాణ కోసం కొట్లాడినవాళ్ళకు, "ఇదిగో, ఫలానా వాళ్ళంతా మన వైపు ఓటేశారు" అని చూపించుకునే జాబితా దక్కాలి. సమైక్యంగా ఉండాలని కోరుకున్నవాళ్ళకూ, తమ ఎంపీ "నో" అన్నాడనే అక్షరం రికార్డులో కనబడాలి. ఇద్దరికీ ఆ హక్కు పోయింది. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులకూ ఇదే జరిగింది. డివిజన్ అడిగినా మూజువాణితోనే సరిపెట్టారు.

పిల్లలూ, పార్లమెంటు చర్చల రికార్డులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఇంటికి వెళ్ళాక 1999 ఏప్రిల్ 17 తీయండి. ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా కనిపిస్తుంది. తర్వాత 2014 ఫిబ్రవరి 18 తీసి, మీ నియోజకవర్గం ఎంపీ ఆ బిల్లుకు ఎటు ఓటేశారో వెతకండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. మైకు ఆ వెనక వరసకు కూడా అందించండి.